టర్కీ విందుకి నేనిచ్చిన సీసా

ఇరవై రెండేళ్ళు మందు అమ్మాను. ఒక్క గుక్క కూడా మింగలేదు. మీరు నమ్మరని తెలుసు. మీ స్థానంలో ఉంటే నేనూ నమ్మను. ఎదుటి మనిషి చెప్పింది వెంటనే నమ్మకపోవడమే నా ఉద్యోగం. దానికే జీతమిచ్చారు, రిటైరైన రోజున దానికే ఒక గోడ గడియారం కూడా ఇచ్చారు.

మీలో చాలామంది ఇప్పుడు చదువుకుంటూనే ఏదో ఒక కౌంటర్ వెనక నిలబడుతున్నారు. కాఫీ షాపులోనో, గ్యాస్ స్టేషన్లోనో. అక్కడ పట్టుకున్న అలవాటు డ్యూటీ దిగాక యూనిఫాంతో పాటు ఊడి రాదు. నా విషయంలో ఏం జరిగిందో చెబుతాను. ఇందులో నా గొప్పతనం ఏమీ లేదని ముందే చెప్పేస్తున్నాను.

గుంటూరు దగ్గర ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి. కెనడాలోని విండ్సర్ వచ్చాక ఆ చదువు ఎవరికీ అక్కర్లేకపోయింది. మందు షాపులో అట్టపెట్టెలు దింపే పనితో మొదలుపెట్టి, చివరి తొమ్మిదేళ్ళూ చొక్కాకి వైన్ సలహాదారు అనే బ్యాడ్జి పెట్టుకుని తిరిగాను. మన వైపు వైన్‌షాపంటే అందులో వైన్ తప్ప అన్నీ దొరికేవి. ఇక్కడ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వైనే.

తాగనివాడు సలహా ఎలా ఇస్తాడని అడుగుతారు. ఈ విద్యలో ఒక సదుపాయం ఉంది. రుచి చూసేవాళ్ళు వైన్‌ని నోట్లో పోసుకుని, పుక్కిలించి, పక్కనున్న బకెట్లో ఉమ్మేస్తారు. మింగకపోవడమే అక్కడ పద్ధతి. ట్రైనింగులో ఆ సంగతి తెలిసిన రోజున నాకెంత ఊరట కలిగిందో చెప్పలేను. మా ఆవిడ మాత్రం ఒప్పుకోలేదు. "నోట్లోకి వెళ్ళాక ఇంకేం మిగిలిందండీ" అంది. వారం రోజులు నా గ్లాసు విడిగా పెట్టింది.

అక్టోబర్‌లో థాంక్స్‌గివింగ్ వస్తుంది. ఆ పండక్కి ఇంటింటా టర్కీ కోడిని వండుతారు. మా షాపులో ఒక అర ఖాళీ చేసి, టర్కీతో ఏ వైన్ బాగుంటుందో ఉద్యోగులం తలా ఒక కార్డు రాసి పెట్టేవాళ్ళం. నేను మాంసం ముట్టను. మా క్యాషియర్ పోలండ్ ఆవిడ, నాకంటే సీనియర్. టర్కీ ఎలా ఉంటుందని ఆవిడనే అడిగాను. "తడి లేని కోడి. అందుకే పైన గ్రేవీ పోస్తాం, పక్కన తీపీ పులుపూ కలిసిన క్రాన్‌బెర్రీ పండ్ల పచ్చడి పెడతాం" అంది. నాకు వెంటనే బోధపడింది. ముద్దపప్పు, నెయ్యి, పక్కన మాగాయ. అయితే ఆ వైన్ చారు చేసే పని చెయ్యాలి. పల్చగా, కాస్త పుల్లగా ఉండి, నాలుకని కడిగి తర్వాతి ముద్దకి సిద్ధం చెయ్యాలి. గమే అనే ద్రాక్షతో చేసిన లేత ఎరుపు వైన్ ఒకటి ఆ పనికి సరిపోయింది. తొమ్మిదేళ్ళూ నా కార్డు కింద అదే సీసా. ఏటా మొదట ఖాళీ అయ్యేది నా వరసే. ఆ రహస్యం చారుదని ఎవరికీ చెప్పలేదు.

సలహా చెప్పడం సగం ఉద్యోగమే. మిగతా సగం అనుమానించడం. పాతికేళ్ళ లోపు కనిపించిన ప్రతివాణ్ణీ ఐడీ అడగాలి. ఇక్కడ పంతొమ్మిది నిండితేనే మందు అమ్మాలి. నిండినవాడు నిండనివాడి కోసం కొంటున్నాడేమో కనిపెట్టాలి. మమ్మల్ని పరీక్షించడానికి పైవాళ్ళు కస్టమర్ల వేషంలో మనుషుల్ని పంపేవారు. పదహారేళ్ళుగా పనిచేస్తున్న ఒక సహోద్యోగి, మంచి మనిషి, అలా ఒక సాయంత్రం ఐడీ అడగడం మరిచిపోయి దొరికిపోయాడు. నెల తిరక్కుండా అతని లాకర్‌కి వేరే తాళం పడింది. అప్పటినుంచి నేను కార్డు అంచుని గోటితో గీరి చూసేవాణ్ణి. పుట్టినరోజు అడిగి, వెంటనే మీ రాశేమిటని అడిగేవాణ్ణి. దొంగ కార్డువాడు తడబడతాడు. మా మేనేజరమ్మ నన్ను కస్టమ్స్ ఆఫీసర్ అని వెక్కిరించేది. నేను ముసిముసిగా నవ్వుకునేవాణ్ణి. నిజం చెప్పాలంటే గర్వంగానే ఉండేది.

ఆ రోజుల్లోనే మన పిల్లలు కాలేజీలకి వందలుగా దిగారు. షాపు ఎదురుగానే బస్‌స్టాప్. ఒక ఏడాదిలోనే షాపులో ఎటు తిరిగినా తెలుగు వినబడ్డం మొదలైంది. నేను తెలుగువాణ్ణని తెలియక నా ముందే మాట్లాడుకునేవారు. "ఈ తాత ఉన్నప్పుడు వద్దురా, ఐడీ అడుగుతడు" అని ఒకడంటే, "నలుగురమని చెప్పి ఎనిమిదిమందిమి దిగినంరా బేస్‌మెంట్ల" అని ఇంకొకడు. చెవులు రిక్కించి వినేవాణ్ణి. బయటివాళ్ళ మీదకంటే మనవాళ్ళ మీదే నాకు అనుమానం ఎక్కువైంది. మా ఇంట్లో బేస్‌మెంట్ ఖాళీగా ఉండేది. పిల్లలకి అద్దెకిద్దామని మా ఆవిడ రెండుమూడుసార్లు అంది. "నీకు తెలీదు, వాళ్ళ లెక్కలు నాకు తెలుసు" అని కొట్టిపారేశాను.

ఆ ఏడు పండగ ముందు గురువారం. మధ్యాహ్నం ఒకమ్మాయి వచ్చింది. సన్నగా, భుజాన లాప్‌టాప్ బ్యాగు. టర్కీ వైన్ల అర ముందు నిలబడి కార్డులన్నీ చదివింది. ఇంతలో ఫోన్లో మా ఆవిడతో నేను మాట్లాడుతుంటే విన్నట్టుంది. ఫోన్ పెట్టేయగానే వచ్చింది.

"అంకుల్, మీరు తెలుగేనా? టర్కీలకు ఏ వైన్ మంచిగుంటదో జర చెప్తరా?"

నా కళ్ళు ముందు అద్దం తలుపు వైపు వెళ్ళాయి. బస్‌స్టాప్‌లో ముగ్గురు కుర్రాళ్ళు. ఈమె కూడా ఒకసారి అటే చూసింది. సరే, దొరికారు అనుకున్నాను.

పాస్‌పోర్ట్ అడిగాను. ఇచ్చింది. ఇరవై మూడేళ్ళు. నిజామాబాద్ వైపు. కార్డులా దాన్ని గీరడానికి లేదు కాబట్టి ప్రశ్నలు మొదలుపెట్టాను. ఎవరింట్లో విందు? ఎవరు వండుతున్నారు? టర్కీ ఎక్కడిది?

"మేమే వండుతున్నం అంకుల్. మా ఫ్రెండ్ పనిచేసే వేర్‌హౌస్‌ల పండగకని ఒక్కొక్కరికి ఒక టర్కీ ఇచ్చిన్రు. పద్దెనిమిది పౌండ్లట. చికెన్ లెక్కనే కదా వండుడు?"

"వైన్ ఎవరికి?"

"మా హౌస్ ఓనర్‌ని భోజనానికి పిలిచినం. ఇటాలియన్ తాత. వైన్ లేకుంట ముద్ద దిగదట ఆయనకు. ఈ నెలాఖరుకు లీజ్ అయిపోతది, ఖాళీ చెయ్యమంటున్నడు. మంచిగ భోజనం పెట్టి, ఏప్రిల్ దాక ఉండనియ్యమని అడుగుదామని. ఏప్రిల్‌కు కోర్స్ అయిపోతది అంకుల్. ఇప్పుడు రూమ్ దొరకాలంటె ఎట్లుందో మీకు తెలుసు కదా."

తెలుసు. బస్‌స్టాప్ స్తంభం మీద రూమ్ కావాలన్న కాగితాలు ఒకదానిమీద ఒకటి అంటించి ఉండేవి. అయినా ఆ మాటలు నాకు ఎక్కలేదు. అద్దెకున్న పిల్లలు ఓనర్‌కి టర్కీ వండిపెట్టడమేమిటి? కథ బాగా అల్లింది అనుకున్నాను. ఎవరినైనా ఏదైనా అడగాలంటే ముందు కూర్చోబెట్టి కడుపునిండా పెట్టి అడగడం మనిళ్ళలో పద్ధతని నాకు తెలియదా? తెలుసు. ఆ నిమిషాన గుర్తుకు రాలేదు.

అప్పుడే ఆమె అంది. "తొమ్మిది మందికి ఎన్ని సీసాలు కావాలె అంకుల్?"

"తొమ్మిది మందా?"

ముఖం మారింది. "కాదు కాదు. ఐదుగురికి. మేము నలుగురం, ఆయనొక్కడు."

అబద్ధం ముఖం మీద ఎలా నడిచి వెళుతుందో ఇరవయ్యేళ్ళుగా చూస్తున్నవాణ్ణి. మిగతా నలుగురూ పంతొమ్మిది నిండనివాళ్ళే అని నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను. ఓనర్ ఎలా ఉంటాడని మామూలుగా అడిగినట్టు అడిగాను. ఎడమచేతికి రెండు వేళ్ళుండవని, కార్ల ప్లాంట్‌లో పోయాయని, గ్యారేజీలో సొంతంగా వైన్ చేసుకుంటాడని చెప్పింది. ఆయన నాకు బాగా తెలుసు. ప్రతి శనివారం పొద్దున సోంపు వాసనొచ్చే ఇటాలియన్ మందు చిన్న సీసా కొనుక్కుని, వైన్ అరల వైపు చూసి "ఇవన్నీ నీళ్ళయ్యా" అని వెళ్ళే మనిషి. తెలుసన్న మాట ఆమెతో అనలేదు.

"ఇవాళ సరైనది లేదు. శనివారం మధ్యాహ్నం రా, తీసిపెడతాను" అన్నాను. సరైన సీసా ఆమె మోచేతి పక్కనే ఉంది.

శనివారం పొద్దున ఆ పెద్దాయన వచ్చాడు. పండగ రద్దీ. ఆయన సీసా కవర్లో పెడుతూ, ఏదో లోకాభిరామాయణంలా అడిగాను.

"మీ అద్దెపిల్లలు రేపు మీకు టర్కీ పెడుతున్నారటగా? తొమ్మిది మందికి పెద్ద విందే."

"తొమ్మిదా?" అన్నాడు.

ఎడమచెయ్యి ఎత్తి, ఉన్న మూడు వేళ్ళూ ఒక్కొక్కటే మడిచాడు. నాలుగోదానికి కుడిచేతి బొటనవేలు కలిపాడు. "నాలుగు. నేను ఇల్లిచ్చింది నలుగురికి. నాతో ఐదు. తొమ్మిదని ఎవరు చెప్పారు?"

నాకు అప్పుడు వెలిగింది. ఆ అమ్మాయి అబద్ధం చెప్పిన మాట నిజమే. నేను సరిగ్గానే పట్టాను. కానీ అది నా షాపుకీ వైన్‌కీ సంబంధించిన అబద్ధం కాదు. ఆ ఇంట్లో ఎంతమంది పడుకుంటున్నారన్నది. నేను కనిపెట్టాల్సిన విషయం కాదు. ఎవరికైతే తెలియకూడదో సరిగ్గా ఆయనకే చెప్పి కూర్చున్నాను.

"నేనే పొరపాటుగా విన్నానేమో" అన్నాను. ఆయన సీసా తీసుకుని వెళ్ళిపోయాడు. 'నీళ్ళయ్యా' అని వెక్కిరించకుండా వెళ్ళడం అదే మొదటిసారి.

మధ్యాహ్నం మూడింటికి ఆమె వచ్చింది. చేతిలో రేకు ట్రే, ఎవరి దగ్గరో అడిగి తెచ్చిందట. నేను గమే సీసా తీసి ఇచ్చాను. ఆ రోజు చెప్పినంత శ్రద్ధగా ఏ కస్టమర్‌కీ చెప్పలేదు. సొంతంగా ముదురు ఎరుపు చేసుకునే మనిషికి తెల్లది పెడితే చిన్నచూపు చూస్తాడు, ఇదైతే ఎరుపే, కానీ తేలిక. వడ్డించే ముందు ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టు. టర్కీకి పైన వెన్న రాయి, రేకు కప్పు, లేకపోతే ఎండిపోతుంది. ఇవన్నీ నేనెప్పుడూ తినని తిండి గురించి, తాగని వైన్ గురించి. చారు సంగతి కూడా చెప్పాను. మొదటిసారి ఒకరితో పంచుకున్నాను. నవ్వింది.

"మా అమ్మ సుత ఇట్లనే చెప్తది అంకుల్. మీరు లేకుంటే ఏం చేస్తుంటినో."

అప్పుడు చెప్పాల్సింది. 'అమ్మా, పొద్దున నా నోరు జారింది. ఆయనకి తెలిసిపోయింది. నువ్వే ముందు వెళ్ళి నిజం చెప్పెయ్' అంటే చాలు. ఇంకా ఒక రాత్రి టైముంది. మనిషి ముందుగా వచ్చి ఒప్పుకుంటే ఆ పెద్దాయన మెత్తబడేవాడేమో. లైన్లో జనం ఉన్నారు, ఇది సమయం కాదని నాకు నేను చెప్పుకున్నాను. లైన్లో ముగ్గురే ఉన్నారు. అసలు భయం వేరు. 'మీకెందుకంకుల్, మీరెందుకు అడిగిన్రు' అంటుంది.  కవర్ అందించి, హ్యాపీ థాంక్స్‌గివింగ్ అన్నాను.

పది రోజుల తర్వాత అదే సీసాతో వచ్చింది. మూత తియ్యలేదు.

"రిటర్న్ తీసుకుంటరా అంకుల్? సామాన్లు మార్చుట్ల రసీదు పోయింది."

రసీదు లేకపోతే ఒక ఫారం నింపాలి. ఫారం తీస్తూ, తెలియనట్టే అడిగాను, టర్కీ ఎలా కుదిరిందని. ఇప్పుడు తలుచుకుంటే ఆ అడగడం అన్నిటికన్నా సిగ్గుగా ఉంటుంది.

"వండనే లేదు. ఆదివారం పొద్దున్నే వచ్చిండు ఓనర్. మేమింకా లేవనే లేదు. పరుపులు లెక్కపెట్టిండు. ఎనిమిది. నలుగురు లైబ్రరీకి పోయి, ఆయన తిని వెళ్ళినంక వచ్చి తినాలని అనుకున్నం అంకుల్. తొమ్మిది మందికి కదా, అందుకే అంత పెద్ద టర్కీ అయినా మిగలదనుకున్నం." నవ్వబోయి మానుకుంది. "నెలాఖరు దాక కూడ వద్దు, వారంల పొమ్మన్నడు."

అంత తొందరగా వెళ్ళగొట్టడానికి లేదని, నోటీసులూ పద్ధతులూ ఉంటాయని నాకు తర్వాత తెలిసింది. వాళ్ళకెవరు చెబుతారు? భయపడి వెళ్ళిపోయారు.

"ఆయనకి ఎలా తెలిసింది?" అన్నాను.

"ఎవరో చెప్పిన్రు. ఎవరో మాకు తెలుసు." ఆమె గొంతు గట్టిపడింది. "శనివారం పొద్దున హీటర్ గురించి ఆయనకు ఫోన్ చేసింది ఒక్కతే. మా ఊరిదే అంకుల్. ఇంటర్ నుంచి కలిసి చదివినం, ఇద్దరం ఒకటే ఫ్లైట్‌ల వచ్చినం. దానికి వేరే దగ్గర రూమ్ దొరికింది, మాకు చెప్పకుంట దాచింది. అదే చెప్పింది. నేను కాదని ఒకటే ఏడుపు. ఎవరు నమ్ముతరు? ఇంక దాని ముఖం చూడ."

ఆధారాలు చూశారా? సమయం, ఫోన్, దాచిన రూమ్. నేనైనా సరిగ్గా అలాగే పట్టుకునేవాణ్ణి. నా అనుమానం కౌంటర్ దాటి ఆ ఎనిమిదిమంది మధ్యకి వెళ్ళి కూర్చుంది.

ఫారం ఆమె వైపు తిప్పాను. పేరు రాసింది. అడ్రస్ దగ్గర పెన్ను ఆగింది.

"అడ్రస్ ఏది రాయాలె అంకుల్? పాతదా? కొత్తది ఇంక లేదు."

నేను ఆలోచించకుండా అనేశాను. "మా ఇంటిది రాయి. బేస్‌మెంట్ ఖాళీగా ఉంది. ఏప్రిల్ దాకా ఉండు. అద్దె కూడా వద్దు."

ఆమె తలెత్తి నన్ను చూసింది. ఆ చూపు నాకు కొత్త కాదు. ఇరవై రెండేళ్ళు నేను జనాన్ని చూసిన చూపే. కార్డు అంచు గీరేటప్పటి చూపు. దాని ఇవతల నిలబడటం మాత్రం అదే మొదలు.

"ఎందుకంకుల్?"

దానికి ఒక్క మాటలో జవాబుంది. చెప్పింది నేనే కాబట్టి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి ఇంకేదో అన్నాను. "ఇంట్లో మా ఆవిడ కూడా ఉంటుందమ్మా."

అంతే, అరడుగు వెనక్కి వేసింది. అరవయ్యేళ్ళవాడు, ముక్కూ మొహం తెలియని ఆడపిల్లకి ఊరికే ఇల్లిస్తానంటున్నాడు, పైగా భార్య ఉంటుందంటున్నాడు. నా కూతురికి ఎవడైనా ఇలా చెబితే నేను పోలీసులకి ఫోన్ చేసేవాణ్ణి.

"వద్దంకుల్. బ్రాంప్టన్‌ల మా కజిన్ ఉన్నడు, ఆయన అడ్రస్ రాస్త" అంది. గబగబా రాసి, సంతకం చేసి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది. బ్రాంప్టన్ నుంచి విండ్సర్ కాలేజీకి బస్సులో నాలుగు గంటల పైన. ఆ కోర్సు పూర్తి చేసిందో లేదో నాకు తెలియదు. ఫారంలో కారణం అన్న గడి నేనే నింపాలి. కస్టమర్ మనసు మార్చుకున్నారు అని రాశాను.

మధ్యలో ఒక వారం రాని పెద్దాయన ఆ శనివారం వచ్చాడు. మూడువేళ్ళ చేత్తో నా చెయ్యి పట్టుకుని ఊపాడు. "నువ్వు చెప్పబట్టి తెలిసింది. మంచి పని చేశావు" అన్నాడు. పక్కన పోలండ్ ఆవిడ, ఏం మంచిపని అని నా వైపు చూసింది. స్టాక్ చూడాలని లోపలికి వెళ్ళిపోయాను. తర్వాత నుంచి శనివారం పొద్దున డ్యూటీ వేయించుకోవడం మానేశాను.

తిరిగొచ్చిన సీసా మళ్ళీ అరలో పెట్టాలి. పెట్టలేకపోయాను. నేనే కొన్నాను. జీవితంలో నా కోసం కొన్న ఒకే ఒక మందు సీసా. మా ఆవిడకి జరిగిందంతా చెప్పాను. ఈసారి నా గ్లాసు విడిగా పెట్టలేదు. "ఆ పిల్లని వెతికి చెప్పండి" అంది. ఫారం మీద అడ్రస్ ఉంది కదా అని ఆమె ఉద్దేశం. కస్టమర్ వివరాలు బయటికి తీయకూడదన్న రూల్ ఒకటి అడ్డం పెట్టుకున్నాను. రూల్ నిజంగానే ఉంది. నేను దాని వెనక దాక్కున్నదీ నిజమే.

సీసా ఇప్పటికీ మా బేస్‌మెంట్‌లో, ఖాళీ గదిలో, కిటికీ కింద ఉంది. కొన్ని వైన్లు దాచేకొద్దీ బాగుపడతాయి. గమే అలాంటిది కాదు. రెండేళ్ళలో తాగెయ్యాలి, లేకపోతే అందులో ఆ పులుపు చచ్చిపోతుంది. ఇరవై రెండేళ్ళు ఆ పని చేసినవాణ్ణి, నాకు తెలుసు. చెప్పాల్సిన మాట కూడా ఆ రకమే. అయినా చెబుతున్నాను. నిజామాబాద్ వైపు నుంచి వచ్చి, విండ్సర్‌లో ఒక పండక్కి టర్కీ వండుదామనుకుని, వండలేకపోయిన అమ్మాయీ, ఇది నీ కంట పడితే ముందు నీ స్నేహితురాలికి ఫోన్ చెయ్యి. ఆ పిల్ల ఏడ్చి చెప్పింది నిజం. ఆ రోజు మీ ఓనర్‌కి చెప్పింది తను కాదమ్మా. నేను.